ఇరవై ఏడు అంగుళాల చోటు

శుక్రవారం పన్నెండు కొట్టేసరికి దర్జీ ఆపా మిషను మీద గుడ్డ కప్పేస్తుంది. సగం కుట్టిన జేబు ఉన్నా సరే, పెళ్ళికూతురి బట్టలున్నా సరే. కొట్టు ముందు నిలబడి "ఒక్క చెయ్యి బిగించడమే కదా ఆపా, ఐదు నిమిషాల పని" అని బతిమాలే వాళ్ళతో "ఐదు నిమిషాల పనైతే ఇంట్లో మీరే బిగించుకోండి" అనేసి షట్టరు దించుతుంది. కాళ్ళూ చేతులూ మొహం కడుక్కుని వజూ చేసుకుని, ముసుగు సర్దుకుని మసీదుకి బయల్దేరుతుంది. మెళ్ళో కొలత టేపు తియ్యడం మాత్రం మర్చిపోతుంది. ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం మర్చిపోతూనే ఉంది.

ఆ మసీదులో ఆడవాళ్ళ గది మేడ మీద ఉంటుంది. పక్క సందులోంచి ఇనప మెట్లెక్కి వెళ్ళాలి. ఇరవై రెండు మెట్లు. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు దిగడానికి వీల్లేనంత ఇరుకు. పైన రెండు ఫ్యాన్లు, కిందనుంచి ఇమాం గారి గొంతు మోసుకొచ్చే ఒక స్పీకరు, గది పొడుగునా ఒక ఆకుపచ్చ తివాచీ.

తివాచీ మీద వరసగా కమానులు నేసి ఉంటాయి, మనిషికో కమాను. ఎంతమంది వచ్చేవాళ్ళుంటే అన్ని కమానులుంటాయి. కొత్తావిడ ఎవరైనా ఆ వీధిలో కాపురానికొస్తే ఆ శుక్రవారానికి తివాచీ చివర ఒక కమాను పెరిగి ఉండేది. ఎవరికైనా బదిలీ అయితే ఒకటి తగ్గేది. దాన్ని బట్టి గోడలెలా సర్దుకునేవో ఎవరూ పట్టించుకోలేదు. "తివాచీ పెరిగింది, ఎవరో కొత్తవాళ్ళు దిగినట్టున్నారు, ఓ కప్పు ఎక్కువ పెట్టండి" అనుకునేవాళ్ళు, అంతే.

నమాజు అయ్యాక గంటసేపు అక్కడే కూర్చునేవాళ్ళు. ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటూ లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్ళు. ఆ గంట కోసమే వారమంతా బతుకుతున్నానని దర్జీ ఆపా చాలాసార్లు అంది. అనడానికి తగ్గ మనుషులే వాళ్ళు మరి. ఆపరేషన్ గదిలోకి తలగుడ్డతో రాకూడదని పెద్ద డాక్టరు అంటే, నర్సమ్మ గొడవా పడలేదు, ఉద్యోగమూ మానలేదు. మరగబెట్టి శుభ్రం చేసుకోవడానికి వీలుగా మెడదాకా వచ్చే టోపీ ఒకటి దర్జీ ఆపా చేత కుట్టించుకుంది. ఇప్పుడు ఆ ఆసుపత్రిలో జుట్టు బయటికి జారకుండా ఉంటుందని మిగతా నర్సులు కూడా అదే పెట్టుకుంటున్నారు.

వార్తల ఖాలా సంగతి వేరు. ఆవిడ ఫోను ఒక్క నిమిషం ఊరుకోదు. దూరదేశాల్లో బాంబులు పడ్డ ఇళ్ళ ఫోటోలు, పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తే తల్లుల ఫోటోలు అందరికీ చూపించి ఏడ్చేది, అందరినీ ఏడిపించేది. ఓరోజు లాయరు చదువుతున్న పిల్ల ఆ ఫోను అందుకుని చూసి, "ఖాలా, ఈ ఫోటో ఆరేళ్ళ కిందటిది. ఆ దేశానిది కూడా కాదు" అంది.

"ఏడుపు పాతదైతే ఏడుపు కాకుండా పోతుందా?"

"పోదు. కానీ ఇవాళ అబద్ధం పంచితే రేపు మనం చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. మన మాట మీద గురి పోతే మన ఉమ్మత్‌కి, లోకంలో ఉన్న ముస్లింలందరికీ, ఇంకేం మిగులుతుంది?"

ఖాలా మూతి ముడుచుకుంది. కానీ ఆ రోజునుంచి ఏ ఫోటో పంచాలన్నా ముందు ఆ పిల్లకి పంపించి, "ఇది నిజమేనా అమ్మా" అని అడగడం మొదలుపెట్టింది. అరవై ఏళ్ళ మనిషి ఇరవై ఏళ్ళ పిల్లని అలా అడగడం ఎంత గొప్ప సంగతో దర్జీ ఆపాకి తెలుసు. తను అయితే అడిగేది కాదు.

ఇంతకీ గొడవ స్పీకరు దగ్గర మొదలైంది. ఒక శుక్రవారం అందరూ సజ్దాలో నేలకి నుదురు ఆనించి ఉండగా స్పీకరు తీగ ఊడిపోయింది. ఇమాం గారి గొంతు లేదు. లేవమన్న మాట వినపడందే ఎలా లేస్తారు? అలాగే ఉండిపోయారు. ఎంతసేపు ఉన్నారో తెలీదు గానీ, మోకాళ్ళు మొద్దుబారాయి. నర్సమ్మ మనసులో ఇవాళ ఇమాం గారికి భక్తి బాగా ఎక్కువైంది అనుకుంటోంది. చివరికి కింద సందులో బళ్ళు స్టార్టు చేస్తున్న చప్పుళ్ళు వినిపించాయి. వార్తల ఖాలా నుదురు ఎత్తకుండానే, "ఏమర్రా, మగాళ్ళు ఇళ్ళకి పోతున్నారు, మనమింకా ఇక్కడే ఉన్నాం" అంది. అందరూ నవ్వుతూ లేచారు, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మొదటినుంచి నమాజు చదువుకున్నారు.

నవ్వు తగ్గాక కోపం వచ్చింది. కింద హాల్లో వెనక సగం ఎప్పుడూ ఖాళీయే. విరిగిన కుర్చీలు, పాత ఫ్యాన్లు పడేసి ఉంటాయి. ఆ సగం మాకిస్తే ఇమాం గారిని కళ్ళారా చూస్తూ చదువుకుంటామని లాయరు పిల్ల అర్జీ రాసింది, అందరూ సంతకాలు పెట్టారు. కమిటీ సెక్రటరీ అది చదివి, మర్యాదగానే తిప్పి పంపాడు. "ఎందుకమ్మా మీకీ శ్రమ? ఆడవాళ్ళు ఇంట్లో చదువుకుంటేనే పుణ్యం ఎక్కువ" అని దాని మీద ఎర్ర సిరాతో రాశాడు.

"ఆ మాట నా మొహం మీద అనమను" అంది వార్తల ఖాలా.

"అనగలడు. అంటాడు కూడా" అంది నర్సమ్మ.

దర్జీ ఆపా అందరికన్నా ఎక్కువ మండిపడింది. "పుణ్యం ఇంత అని మనకి కొలిచి ఇవ్వడానికి ఈయనెవరు? వచ్చేవాళ్ళని రావద్దనడానికి దొరికిన తియ్యటి మాట అది" అంది. ఈసారి ఇంకా గట్టిగా రాయమని లాయరు పిల్లకి చెప్పింది.

సరిగ్గా ఆ తర్వాతి శుక్రవారమే తివాచీలో ఖాళీ వచ్చింది.

ఎప్పుడూ చివర పెరిగే కమాను ఈసారి మధ్యలో పెరిగింది. దర్జీ ఆపాకీ నర్సమ్మకీ నడుమ. పైగా మామూలు కమాను కాదు, బాగా వెడల్పు. వరసలో సందు ఉండకూడదు కాబట్టి ఇద్దరూ జరిగి భుజాలు ఆనించుకున్నారు. సజ్దా చేసి లేచేసరికి మళ్ళీ ఇద్దరి మధ్యా అదే ఖాళీ. మళ్ళీ జరిగారు. మళ్ళీ తివాచీ ఎవరి చోటికి వాళ్ళని పంపింది. స్పీకర్లోంచి ఇమాం గారు, "వరసలు సరిచేసుకోండి, మధ్యలో సందు వదలకండి" అంటున్నారు. "మాకూ అదే కోరిక ఇమాం గారూ" అంది నర్సమ్మ రెండో శుక్రవారం, నమాజు మొదలవ్వకముందు.

ఎవరో రావాలి, రాలేదు. అదొక్కటే అర్థమైంది అందరికీ. ఎవరు?

వార్తల ఖాలా వారమంతా ఆలోచించి, ఏడాదిగా మాటల్లేని చిన్న కోడలి ఇంటికి వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో గానీ శుక్రవారం ఇద్దరూ కలిసి మెట్లెక్కారు. తివాచీ చివర ఒక కమాను పెరిగింది. మధ్యలో ఖాళీ అలాగే ఉంది. నర్సమ్మ తన వార్డు ఊడ్చే ఆవిడని తీసుకొచ్చింది. చదువుకున్నవాళ్ళ మధ్య తనేం కూర్చుంటుందిలే అని ఆవిడ ఇన్నాళ్ళూ బట్టల గదిలో ఒక్కతే చదువుకునేదట. చివర ఇంకో కమాను పెరిగింది. లాయరు పిల్ల, విడాకులయ్యాక నలుగురూ అడిగే ప్రశ్నలకి భయపడి మసీదుకి రావడం మానేసిన స్నేహితురాలిని తెచ్చింది. ఆ అమ్మాయిని ఎవ్వరూ ఏ ప్రశ్నా అడగలేదు, టీ మాత్రం రెండుసార్లు పోశారు. చివర ఇంకో కమాను.

ఇలా ముగ్గురు వచ్చి కూర్చున్నా మధ్యలో ఖాళీ మాత్రం నిండలేదు.

"నువ్వెవర్నీ తేలేదేం ఆపా?" అంది ఖాలా.

"నేనెవర్నీ వదిలెయ్యలేదు కాబట్టి" అంది దర్జీ ఆపా.

అంటుండగానే ఆమె చెయ్యి అలవాటుగా మెళ్ళోకి పోయింది. టేపు తీసి ఆ ఖాళీ కమాను కొలిచింది. ఇరవై ఏడు అంగుళాలు. పక్కది కొలిచింది, పంతొమ్మిది. "ఇంత భుజాలున్న ఆడమనిషి ఉంటే ఆవిడకి బట్టలు కుట్టే అదృష్టం నాకే రావాలి" అంటే అందరూ నవ్వారు. తనూ నవ్వింది. కానీ మెట్లు దిగుతుంటే ఆ ఇరవై ఏడు తనతోపాటే దిగింది. ఎక్కడో రాసినట్టుంది తను ఆ అంకె.

కొట్టు తెరిచి కొలతల పుస్తకం తీసింది. ఈ ఏడాదిది కాదు, కిందటేడాదిది కాదు. అలమర పైఅరలో నాలుగేళ్ళ కిందటి పుస్తకంలో, ఎవరిదో పిల్ల గౌను కొలతల కింద, తన చేతి రాతతో ఉంది: "పెద్దాపా చక్రాల కుర్చీ 27. మెట్లు 26. పట్టదు."

దర్జీ ఆపా ఆ గీతను మళ్ళీ చదివింది.

పెద్దాపా అంటే ఆ వీధిలో సగంమందికి ఖుర్ఆన్ చదవడం నేర్పిన మనిషి. ఆ మేడగదిలో ఈ శుక్రవారం కూటమి మొదలుపెట్టింది ఆవిడే. పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయాక ఒకసారి దర్జీ ఆపాని పిలిచి, "నా కుర్చీ ఆ మెట్ల వెడల్పులో పట్టుతుందేమో కొలిచి చూడవే. మీరు నలుగురు పట్టుకుంటే వచ్చేస్తాను" అంది. దర్జీ ఆపా కొలిచింది. ఒక్క అంగుళం తేడా వచ్చింది. నిజం చెప్పుకోవాలంటే ఆ ఒక్క అంగుళం చూసి ఆమె మనసు తేలికపడింది. ప్రతి శుక్రవారం ఆవిణ్ణి మొయ్యడం, దింపడం, నలుగుర్ని పోగుచెయ్యడం, ఇదంతా తప్పింది కదా అనుకుంది. వెళ్ళి, "పట్టదు పెద్దాపా" అంది. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "అయినా ఎందుకు మీకీ శ్రమ? ఆడవాళ్ళు ఇంట్లో చదువుకుంటేనే పుణ్యం ఎక్కువ కదా" అంది.

మొదట్లో అందరూ ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. తర్వాత పండ్లు పంపేవాళ్ళు. ఆ తర్వాత కబురు పంపేవాళ్ళు. ఇప్పుడు అదీ లేదు.

సెక్రటరీ ఎర్ర సిరాతో రాసిన మాట ఆమె కళ్ళ ముందు కదిలింది. ఒక్క ముక్క తేడా లేదు.

మళ్ళీ షట్టరు దించేసి వెళ్ళింది. రెండు వీధుల అవతలే ఇల్లు. పెద్దాపా తమ్ముడి కూతురు తలుపు తీసింది. ముందుగదిలో వీధి తలుపుకి ఎదురుగా చక్రాల కుర్చీలో పెద్దాపా, ఉతికిన తెల్ల ముసుగు వేసుకుని కూర్చునే నిద్రపోతోంది. బాగా చిక్కిపోయింది.

"ఎక్కడికైనా వెళ్తున్నారా?" అని మెల్లగా అడిగింది దర్జీ ఆపా.

"ఎక్కడికి వెళ్తుంది అత్తయ్య? ప్రతి శుక్రవారం ఇంతే. పదకొండింటికల్లా వజూ చేయించమంటుంది, ఉతికిన బట్టలు కట్టించమంటుంది, తలుపు వైపు తిప్పమంటుంది. మీరెవరైనా వస్తారేమోనని. మొదట్లో అడిగేది. ఇప్పుడు అడగదు, అసలు మాటలే తగ్గిపోయాయి. పైకి చదవడం కూడా మానేసింది. డాక్టరు, మాట్లాడుతూ ఉండకపోతే ఉన్న మాట కూడా పోతుందన్నాడు."

నాలుగేళ్ళు. దర్జీ ఆపా ఎన్ని శుక్రవారాలో లెక్కపెట్టబోయి మానేసింది. కుర్చీ పక్కన నేలమీద కూర్చుని పెద్దాపా చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. పెద్దాపా కళ్ళు తెరిచి చూసింది. చాలాసేపు చూసి, "టేపు" అంది. ఆమె మెళ్ళో వేలాడుతున్నదాన్ని వేలితో తాకి, "ఇంకా మర్చిపోతున్నావన్నమాట" అంది.

అంతే, దర్జీ ఆపాకి ఏడుపు ఆగలేదు. "ఒక అక్షరం తప్పు పలికితే పదిసార్లు పలికించేవారు. ఆ రోజు నేనంత తప్పు మాట అంటే ఎందుకు ఊరుకున్నారు పెద్దాపా?"

పెద్దాపాకి మాట ముద్దగా వస్తోంది. ఒక్కో మాటా వెతుక్కుని అంది. "ఆ మాట తప్పు కాదే. నీకు నేర్పింది నేనే. దాని పక్కనే ఇంకో మాట ఉంది. ఆడవాళ్ళు మసీదుకొస్తామంటే ఆపొద్దని. అది నేర్పేలోపు, మిషను మీద పనుందని లేచి పోయావు."

ఏడుస్తూనే నవ్వింది దర్జీ ఆపా.

వచ్చే శుక్రవారం దాకా ఆగలేకపోయింది. ఆదివారమే అందర్నీ మేడగదికి పిలిచింది. పాత పుస్తకం తివాచీ మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. అంగుళం తేడా చూసి తేలికపడ్డానన్న సంగతి కూడా దాచలేదు. ఎవరూ ఆమెని తిట్టలేదు. తిట్టడానికి ఎవరికీ నోరు లేదు. పండ్లు మానేసిన వాళ్ళూ కబుర్లు మానేసిన వాళ్ళూ ఆ గదిలోనే ఉన్నారు.

లాయరు పిల్ల కొత్త అర్జీ మడిచి సంచిలో పెట్టేసింది. "ఇంత బాగా రాశాను. సెక్రటరీ గారన్న మాట ఎంత తప్పో రెండు పేజీలు రాశాను. ఇప్పుడు ఇది ముందు మనమే చదువుకోవాలి" అంది.

"చదువుకుందాంలే, ముందు పని చూడు. ఆవిడ పైకి రాలేదు. మరి మనం కిందికి పోలేమా?" అంది వార్తల ఖాలా.

"తివాచీ?" అంది నర్సమ్మ.

"అది ఎవరికోసం చోటు చేసిందో వాళ్ళ దగ్గరికే పోతుంది. ఎత్తండి."

శుక్రవారం పొద్దున పదిగంటలకి ఆడవాళ్ళందరూ మసీదుకి చేరారు. హాలు వెనక సగంలో విరిగిన కుర్చీలు అవతలికి సర్ది, ఊడ్చి, తుడిచారు. తివాచీ చుట్టి, భుజాల మీద వేసుకుని ఆ ఇరుకు మెట్ల మీదనుంచి ఒకరి వెనక ఒకరు దింపారు. వార్డు ఊడ్చే ఆవిడే ముందు నడిచి దారి చెప్పింది, బరువులు దింపడం ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. హాల్లో పరిచారు. ఈ గోడనుంచి ఆ గోడకి సరిగ్గా సరిపోయింది. వెడల్పు కమాను పక్క తలుపుకి ఎదురుగా వచ్చింది.

అప్పుడొచ్చాడు సెక్రటరీ. తివాచీ చూశాడు, ఆడవాళ్ళని చూశాడు, నోరు తెరిచాడు. లాయరు పిల్ల కూడా తెరిచింది. ఇద్దరూ ఏమీ అనకముందే పక్క తలుపు దగ్గర చక్రాల చప్పుడైంది. పెద్దాపా కుర్చీని తమ్ముడి కూతురు ఒకవైపు, దర్జీ ఆపా ఒకవైపు పట్టుకుని ఉన్నారు. గడప ఎత్తుగా ఉంది, చక్రం ఆగిపోయింది.

పెద్దాపా తలెత్తి సెక్రటరీని చూసింది. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం.

"నువ్వు... మూడో పాఠం అప్పజెప్పకుండా పారిపోయావు కదూ" అంది.

సెక్రటరీ చెప్పులు లేని కాళ్ళ వైపు చూసుకున్నాడు. "తప్పు చెబితే అమ్మ కొడుతుందని భయమేసింది పెద్దాపా" అన్నాడు. తర్వాత వెళ్ళి, విరిగిన కుర్చీల్లోంచి ఒక పొడుగాటి చెక్క ఏరుకొచ్చి గడప మీద వాలుగా పెట్టాడు. అది కదలకుండా కాలు అడ్డం పెట్టి, కుర్చీ లోపలికి వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాడు. ఎర్ర సిరా మాట మళ్ళీ ఎత్తలేదు.

కుర్చీ వెళ్ళి కమానులో ఆగింది. ఈపక్క చక్రం గీత మీద, ఆపక్క చక్రం గీత మీద. దర్జీ ఆపా ఒకవైపు, నర్సమ్మ ఒకవైపు నిలబడ్డారు. ముందు ఇమాం గారు వెనక్కి తిరిగి, స్పీకరు లేకుండా, "వరసలు సరిచేసుకోండి, మధ్యలో సందు వదలకండి" అన్నారు. దర్జీ ఆపా అటూ ఇటూ చూసుకుంది. చక్రం ఇనుము ఆమె మోచేతికి చల్లగా తగిలింది. సందు లేదు.

నమాజు అయ్యాక టీ పోశారు. పెద్దాపా ఒక అధ్యాయం పైకి చదవడం మొదలుపెట్టింది. మాట ముద్దగానే వస్తోంది, మధ్యలో ఒకచోట మర్చిపోయి ఆగింది. విడాకులైన అమ్మాయి తర్వాతి మాట మెల్లగా అందించింది. పెద్దాపా ఆ అమ్మాయి వైపు తిరిగి, "ఎవరు నేర్పారు నీకు?" అంది.

"మా అమ్మ."

"ఆ పలుకు పోల్చాను. మీ అమ్మకి నేను నేర్పాను. వచ్చే శుక్రవారం నువ్వు మొదలుపెట్టు, నేను వింటాను" అని, మర్చిపోయిన చోటునుంచి చివరిదాకా చదివింది. అలా ఆ శుక్రవారమే పాఠం మళ్ళీ మొదలైంది. నెల తిరిగేసరికి పన్నెండుమంది అప్పజెప్పడానికి వస్తున్నారు. సెక్రటరీ మనవరాలు కూడా వస్తోంది, మూడో పాఠంలో ఉంది. పెద్దాపా మాట ఎలా తిరిగొచ్చిందని డాక్టరు అడిగితే తమ్ముడి కూతురు, "తప్పులు దిద్దాలి కదండీ" అని చెప్పిందట.

ఆ మొదటి శుక్రవారం సాయంత్రం దర్జీ ఆపా కొట్టు తెరిచింది. పొద్దుటినుంచి తిరుగుతున్న ఒకావిడ "ఒక్క చెయ్యే కదా ఆపా" అంది. "ఆగమ్మా" అని, నాలుగేళ్ళ కిందటి పుస్తకం తీసింది. చాక్‌పీసు గీతల మరకలున్న ఆ పేజీ తెరిచి, చివరి మాట కొట్టేసి, దాని పక్కన "పట్టింది" అని రాసింది. అప్పుడు మెళ్ళోంచి టేపు తీసి, "ఏదీ, చెయ్యి చాపు" అంది.